జంట జలాశయాల పైన హైవే విశ్రాంతి కేంద్రం: మురుగునీళ్లు ఎటు పంపాలి?

డ్రాయింగ్‌బోర్డు | శనివారం, ఉదయం 8:50

అందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజనీర్‌ని, ఒక చిన్న కన్సల్టెన్సీలో పని చేస్తున్నాను. బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటాక, చేవెళ్ల వైపు ఒక విశ్రాంతి కేంద్రం కట్టాలని ఒక క్లయింట్ వచ్చారు. స్థలం ఎక్కడో ఇంతకంటే చెప్పలేను. హైదరాబాద్ జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) పరీవాహక ప్రాంతంలోనే ఉందని మాత్రం చెప్పగలను. మూడు వందల మీటర్ల దూరంలో ఒక వాగు ఉంది. వానాకాలంలో ఆ వాగు నీళ్లు చివరికి చెరువులోకే పోతాయి.

స్థలం నాలుగు ఎకరాలు. ఫుడ్ కోర్టు, మరుగుదొడ్లు, లారీల పార్కింగ్, డ్రైవర్లకు స్నానాల గదులు కావాలన్నారు. మామూలు రోజు 2000 మంది ఆగుతారని అంచనా. ఆదివారం అనంతగిరి కొండలు చూడ్డానికి వెళ్లే జనం వల్ల 6000 దాకా పోతుంది. మనిషికి సగటున 8 లీటర్లు వేసుకున్నాను. అంటే మామూలు రోజు 16 వేల లీటర్లు, ఆదివారం 48 వేల లీటర్లు.

దగ్గర్లో భూగర్భ డ్రైనేజీ లైను లేదు. సెప్టిక్ ట్యాంకు కట్టి, నాలుగు ఇంకుడు గుంతలు తవ్వితే సరిపోతుందని క్లయింట్ అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. అలాగని ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) పెడితే దాన్ని ఎవరు నడుపుతారన్న టెన్షన్ ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పాత_జీఓలు | శనివారం, ఉదయం 9:35

బాబూ, ముందు ఆ చెరువుల చరిత్ర ఒకసారి చూసుకో. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లు ఇచ్చాయి.

1996 మార్చి 8న జి.ఓ. 111 వచ్చింది. రెండు చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) నుంచి 10 కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. శంషాబాద్ దగ్గర ఒక నూనె పరిశ్రమ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లోనూ 2000లోనూ కోర్టు చెప్పినదాంట్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. హాని జరుగుతుందని ఎదుటివాళ్లు నిరూపించే దాకా ఆగక్కర్లేదు, హాని జరగదని నిరూపించాల్సిన భారం కట్టేవాడిదే అని.

2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 వచ్చింది కదా, ఆంక్షలు పోయాయి కదా అని మీ క్లయింట్ అనొచ్చు. ఆ ఉత్తర్వులో కూడా జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు ఉంది. కాబట్టి అనుమతుల సంగతి లాయర్ దగ్గర తేల్చుకోండి. కానీ ఇంకుడు గుంత గీసిన డ్రాయింగ్ కింద నువ్వు సంతకం పెట్టకు.

రాతిపొర | శనివారం, ఉదయం 10:20

నేను భూగర్భజలాల మీద పని చేస్తాను. ఆ ప్రాంతం నాకు బాగా తెలుసు.

అక్కడ పైన కొద్దిగా మట్టి, దాని కింద మోరం, ఆ కింద పగుళ్లున్న గ్రానైట్. సెప్టిక్ ట్యాంకులకు మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2470 ఉంది. ఇంకుడు ఏర్పాటు తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలంటుంది. మట్టి వడకడుతుందన్న నమ్మకం మీద పెట్టిన దూరం అది. మోరం దాటి రాతి పగులులోకి దిగిన నీటికి వడపోత ఉండదు. పగులు ఎటు పోతే నీళ్లూ అటే పోతాయి. 18 మీటర్లు కాదు, ఎన్నో రెట్లు దూరంలో ఉన్న బోరులో తేలినా ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి. వానాకాలం చివర్లో ఆ వైపు నీటిమట్టం బాగా పైకి వస్తుంది. గుంతలో నీళ్లు దిగక అంచు మీదుగా పొంగుతాయి. ఎండాకాలంలో ఇంకుడు పరీక్ష చేసి, బాగా పీలుస్తోందని రాసుకుంటే మోసపోతారు. పరీక్ష అక్టోబరులో చేయాలి.

బ్లోయర్_శబ్దం | శనివారం, మధ్యాహ్నం 12:05

నమస్తే సార్. నేను పదకొండేళ్లుగా ఎస్టీపీలు నడుపుతున్నాను. అపార్ట్‌మెంట్లలో చేశాను, రెండు హోటళ్లలో చేశాను, ఒకసారి హైవే పక్కన ఫుడ్ ప్లాజాలో కూడా చేశాను. ఆ ప్లాజా అనుభవం చెప్తాను, పేరు అడగకండి.

అపార్ట్‌మెంటుకు పెట్టే డిజైన్‌నే అక్కడా పెట్టారు. ట్యాంకులో బ్యాక్టీరియా ఒక కుటుంబంలా ఉంటుంది సార్. రోజూ ఇంత తిండి అని అలవాటు పడుతుంది. మనం సోమవారం నుంచి శనివారం దాకా అర్ధాకలితో పెట్టి, ఆదివారం ఒక్కసారిగా మూడింతలు పోశాం. సోమవారం పొద్దున చూస్తే స్లడ్జ్ (ఆ బ్యాక్టీరియా ఉండే బురద) అంతా కొట్టుకుపోయి తోటలో పడి ఉండేది. మళ్లీ పెంచేసరికి మళ్లీ ఆదివారం వచ్చేది.

రెండోది, ఫుడ్ కోర్టు నూనె. నూనెను ఆపే గ్రీజు ట్రాప్ ఉంది, కానీ రోజూ తీసేవాడు లేడు. వంటవాళ్లు అది మా పని కాదన్నారు, హౌస్‌కీపింగ్ వాళ్లు మాది కాదన్నారు. నూనె నేరుగా ఏరేషన్ ట్యాంకులోకి (బ్యాక్టీరియాకు గాలి ఊదే ట్యాంకు) వచ్చి, పైన నురగ, కింద కంపు.

మూడోది కరెంటు బిల్లు. రాత్రి పదకొండు తర్వాత బ్లోయర్ (ఆ గాలి ఊదే యంత్రం) ఆపమని పైనుంచి ఫోన్ వచ్చేది. నేను ఒప్పుకోలేదు. నా తర్వాత వచ్చినతను ఏం చేశాడో తెలియదు.

ఎస్టీపీ వద్దని నేను అనడం లేదు. నడిపితే బాగానే నడుస్తుంది. అయితే పెద్ద సమీకరణ ట్యాంకు కావాలి. ఆదివారం నీళ్లు పట్టి, వారమంతా కొంచెం కొంచెంగా వదిలేంత పెద్దది. మీ లెక్కకైతే కనీసం 40 వేల లీటర్లు.

ల్యాబ్_టేబుల్ | శనివారం, మధ్యాహ్నం 2:40

నేను కెమిస్ట్రీ చెప్తాను, నీటి పరీక్షల ల్యాబ్ కూడా చూసుకుంటాను. ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ నీళ్లలో ఏముంటుంది?

ఇంటి మురుగులో వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు, బట్టల నీళ్లు అన్నీ కలుస్తాయి. హైవే మీద ఆగే మనిషి ఇవేవీ చేయడు. దిగుతాడు, మూత్రం పోస్తాడు, చేతులు కడుక్కుంటాడు, టీ తాగి వెళ్లిపోతాడు. కాబట్టి విశ్రాంతి కేంద్రం మురుగు అంటే ముఖ్యంగా నీళ్లు కలిసిన మూత్రమే. మూత్రం అంటే నత్రజని.

లెక్క వేద్దాం. ఒకసారి మూత్రం పోస్తే సుమారు పావు లీటరు. అందులో సుమారు 2 గ్రాముల నత్రజని. 2000 మందికి 4 కిలోలు. అది 16 వేల లీటర్లలో కలిస్తే లీటరుకు 250 మిల్లీగ్రాములు. ఇళ్ల నుంచి వచ్చే మురుగులో ఇది మామూలుగా 40 నుంచి 60 మధ్య ఉంటుంది. అంటే డ్రాయింగ్‌బోర్డు గారు కొలుస్తున్నది ఇంటి మురుగు కానే కాదు.

సెప్టిక్ ట్యాంకు ఈ నత్రజనిని ముట్టుకోదు. యూరియా కాస్తా అమ్మోనియా అవుతుంది, అంతే. నేలలోకి దిగాక గాలి తగిలిన చోట నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ మట్టికి అంటుకోదు, నీటితో పాటు ప్రయాణం చేస్తుంది. మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. నత్రజనిగా చూస్తే సుమారు 10. రోజుకు 4 కిలోల నత్రజనిని ఆ హద్దుకు దించాలంటే 4 లక్షల లీటర్ల శుభ్రమైన నీళ్లు కలపాలి.

ఎస్టీపీ పెట్టినా ఒక చిక్కుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు క్షారత (నీళ్లు పులవకుండా ఆపే గుణం) కావాలి. గ్రాము నత్రజనికి సుమారు 7 గ్రాములు. యూరియా విడిపోయినప్పుడు వచ్చే క్షారత అందులో సగమే. మిగతా సగం లేకపోతే పీహెచ్ పడిపోయి, పని మధ్యలో ఆగిపోతుంది. నైట్రేట్‌ను మళ్లీ గాలిలోకి పంపే బ్యాక్టీరియాకు కార్బన్ తిండి కావాలి. మూత్రంలో అది చాలా తక్కువ. బయటి నుంచి బెల్లం పాకమో మరొకటో పోయాలి. రోజూ, కొలిచి.

ఇంకో మాట. 2017లో వచ్చిన ఎస్టీపీ ప్రమాణాల్లో పీహెచ్, బీఓడీ (కుళ్లే పదార్థం ఎంతో చెప్పే కొలత), టీఎస్ఎస్ (నీళ్లలో తేలే నలుసులు), ఫీకల్ కోలిఫాం (మలంలోని బ్యాక్టీరియా) మాత్రమే ఉన్నాయి. 2015 ముసాయిదాలో నత్రజని హద్దు ఉండేది, తుది నోటిఫికేషన్‌లో తీసేశారు. అందుకే ఎస్టీపీ అమ్మేవాళ్లు బీఓడీ 10 ఇస్తామంటారు, నత్రజని ఊసెత్తరు. రిపోర్టు బాగుంటుంది, చెరువు నాచు పట్టి పచ్చబడుతుంది.

డ్రాయింగ్‌బోర్డు | శనివారం, మధ్యాహ్నం 3:15

మేడం, ఇది నాకు నిజంగా తెలియదు. నేను బీఓడీ 250 వేసుకుని కూర్చున్నాను. శుద్ధి చేసిన నీళ్లను ఒక ఎకరం లాన్‌కు పారించి, చుక్క కూడా బయటకు పోదు అని రాద్దామనుకున్నాను. అది సరిపోతుందా?

ల్యాబ్_టేబుల్ | శనివారం, మధ్యాహ్నం 3:50

మీ అంచనా ప్రకారమే చూడండి. వారానికి ఆరు రోజులు 2000 మంది, ఆదివారం 6000. మొత్తం 18 వేల మంది, 36 కిలోల నత్రజని. ఏడాదికి సుమారు 1870 కిలోలు. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి, ఇది దాదాపు 4070 కిలోల యూరియాతో సమానం. 45 కిలోల బస్తాలైతే 90 బస్తాలు. ఎకరం లాన్ మీద.

చేవెళ్ల_రైతుబిడ్డ | శనివారం, సాయంత్రం 6:10

మేడం, మీరు రాసింది రెండు సార్లు చదివిన.

మేం ఎకరం వరికి రెండు బస్తాలు, మహా అయితే రెండున్నర వేస్తం. ఆ 90 బస్తాలు నలభై ఎకరాల వరికి వచ్చే మందు. ఎకరం గడ్డి ఎట్ల తాగుతది? మిగిలిందంతా కిందికే పోవాలె. కింద మా బోర్లున్నయి.

మా ఊర్ల పూల తోటలు, టమాట, క్యారెట్ అన్నీ బోరు మీదనే నడుస్తయి. ఇంట్ల తాగేందుకు నల్లా నీళ్లు వస్తయి, రాని రోజు బోరు నీళ్లే తాగుతం. మా నాయన చెరువుల నీళ్లు ఖరాబు కావొద్దని జి.ఓ. 111 వచ్చినప్పటి నుంచి భూమికి రేటు రాకున్నా ఊకున్నడు. పట్నం తాగే నీళ్లని ఊకున్నడు. ఇప్పుడు రోడ్డు మీద ఆగిపోయేటోళ్ల కోసం మా బోర్ల మందు కలుస్తదంటే గుండెల కలుక్కుమంటది.

రోడ్డు వద్దని నేనంటలేను. సార్, మీరు మంచిగ అడిగిన్రు కాబట్టి చెప్తున్న.

హైవే_ప్రయాణం | శనివారం, రాత్రి 8:25

ఇంతసేపూ చదివాక అసలు అక్కడ కట్టకపోతే మంచిదని చాలామందికి అనిపించి ఉంటుంది. నాకూ ఒక క్షణం అనిపించింది. కానీ ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్పాలి.

మా అమ్మకు షుగర్. వికారాబాద్‌లో మా అక్క ఇంటికి నెలకోసారి తీసుకెళ్తాను. బయల్దేరే ముందు ఆమె నీళ్లు తాగడం మానేస్తుంది, దారిలో ఎక్కడా వెళ్లడానికి చోటుండదని. డెబ్బై ఏళ్ల మనిషి, ఎండాకాలంలో గొంతు ఎండబెట్టుకుని కూర్చుంటుంది. మగవాళ్లు మర్రి చెట్టు చాటుకు వెళ్లిపోతారు. నత్రజని లెక్క అడిగితే ఆ చెట్ల కింద పడేదీ అదే పరీవాహకంలో పడుతోంది కదా.

మరుగుదొడ్డి కట్టకపోతే చెరువు బాగుపడదు. కాబట్టి ఎక్కడ కట్టాలి, ఏమేం కట్టాలి అన్నది వేరుగా ఆలోచించండి. ఫుడ్ కోర్టు, లారీ పార్కింగ్, స్నానాల గదులు లేకపోయినా మా అమ్మకు ఇబ్బంది లేదు. శుభ్రమైన గది, లోపల గడియ, ఒక బకెట్ నీళ్లు ఉంటే చాలు.

పాత_జీఓలు | శనివారం, రాత్రి 8:50

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఇంజనీరు బాబు దీన్నే పట్టుకోవాలి.

ట్యాంకర్_దారి | ఆదివారం, ఉదయం 7:15

నాకు రెండు సెప్టిక్ ట్యాంకర్లున్నాయి. లైనింగ్ ఉన్న మూసిన ట్యాంకు కట్టి, ట్యాంకర్లతో తోడించి బయటికి పంపించాలన్న ఆలోచన ఎవరైనా చెప్తారని చూస్తున్నాను. నేనే చెప్తాను, దాంట్లో ఉన్న లోపం కూడా నేనే చెప్తాను.

మీ 8 లీటర్ల లెక్క ప్రకారం వారానికి 1,44,000 లీటర్లు. నా బండి 5000 లీటర్లు. అంటే వారానికి 29 లోడ్లు. చేవెళ్ల నుంచి అనుమతి ఉన్న ఎస్టీపీ దాకా పోయి, వరుసలో నిలబడి, ఖాళీ చేసి రావడానికి సగం రోజు పడుతుంది. డీజిల్ ఖర్చు పెరిగేకొద్దీ డ్రైవర్‌కు దగ్గర్లో ఉన్న వాగు కనిపిస్తుంది. రాత్రిపూట అలా వదిలేసినవాళ్లను నేను చూశాను. అలా చేస్తే ఇంకుడు గుంతకంటే ఘోరం.

అలా జరగకుండా ఉండాలంటే డబ్బులిచ్చే పద్ధతి మార్చాలి. లోడు ఎత్తినందుకు డబ్బులివ్వొద్దు. ఎస్టీపీ గేటు దగ్గర దింపినట్టు రసీదు తెచ్చాకే ఇవ్వాలి. ట్యాంకులోంచి ఎంత వెళ్లిందో ఒక మీటరు, అక్కడ ఎంత దిగిందో ఒక రసీదు, రెండూ నెలకోసారి కలపాలి. బండికి జీపీఎస్ ఉండాలి. నా బండ్లకు ఉంది.

ఇంకొకటి. ట్యాంకులోకి మనిషిని దింపకండి. మనుషులతో మురుగు తీయించడాన్ని నిషేధించే 2013 చట్టం వద్దంటుంది, చట్టం సంగతి పక్కన పెట్టినా లోపల గ్యాస్ ఉంటుంది. మూత బయటి నుంచే గొట్టం అడుగు దాకా చేరేలా, అడుగు భాగం ఒక మూలకు వాలేలా గీయండి సార్. చాలా డ్రాయింగుల్లో ఆ వాలు ఉండదు. మూలల్లో గట్టిపడ్డది గొట్టానికి రాదు, అప్పుడే ఎవరో ఒక పేదవాణ్ని దిగమంటారు. 14420కి ఫోన్ చేసి బండి పిలిపించుకునే ఏర్పాటు ఉన్నా, ట్యాంకు సరిగా కట్టకపోతే బండి వచ్చి ఏం చేస్తుంది?

పచ్చదనం_సురేఖ | ఆదివారం, ఉదయం 8:40

డీఆర్‌డీఓ వాళ్ల బయో డైజెస్టర్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? రైళ్లలో పెట్టింది ఆ పద్ధతే. కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ అక్కర్లేదు.

ల్యాబ్_టేబుల్ | ఆదివారం, ఉదయం 9:20

సురేఖ గారూ, మలం కరిగించడానికి అది మంచి పద్ధతే. గాలి లేని చోట పనిచేసే బ్యాక్టీరియా అది. గట్టి పదార్థం తగ్గుతుంది, రోగక్రిములు కొంతవరకు తగ్గుతాయి. కానీ అమ్మోనియా అలాగే బయటికి వస్తుంది. కదిలే రైల్లో బయటికొచ్చే నీళ్లు వందల కిలోమీటర్ల మేర చెదిరిపోతాయి. ఇక్కడ ఒకేచోట, ఏళ్ల తరబడి, చెరువు పైన పడతాయి. ఇక్కడ దాన్ని మొదటి మెట్టుగా పెట్టుకోవచ్చు, చివరి మెట్టుగా పెట్టుకుంటే ప్రమాదం.

వెర్మాంట్_తెలుగు | ఆదివారం, ఉదయం 10:05

నమస్కారం. నేను అమెరికాలో వెర్మాంట్‌లో ఉంటాను, మాది నల్గొండ. ఇక్కడ ఐ-89 హైవే మీద షారన్ అనే చోట ఒక విశ్రాంతి కేంద్రం ఉంది. గాజు గదిలో పెద్ద పెద్ద తొట్లు, వాటిలో మొక్కలు. మరుగుదొడ్ల నీళ్లు ఆ తొట్లలో శుద్ధి అయి, మళ్లీ ఫ్లష్‌కే వెళ్తాయి. నాన్నగారు వచ్చినప్పుడు తీసుకెళ్లాను, చాలాసేపు ఆ మొక్కల దగ్గరే నిలబడ్డారు. జనం కళ్ల ముందు పెట్టడం నాకు బాగా నచ్చింది. కంపు వస్తే మొదట తెలిసేది వచ్చినవాళ్లకే, దాచడం కుదరదు.

న్యూయార్క్ నగరానికి నీళ్లిచ్చే క్యాట్స్‌కిల్ కొండల్లో ఇంకా కట్టుదిట్టం. సెప్టిక్ ఇంకుడు ఏర్పాటు వాగుకు 100 అడుగులు, జలాశయానికి 300 అడుగుల లోపల ఉండకూడదు. 1997లో నగరం, అక్కడి ఊళ్లు ఒప్పందం చేసుకున్నాయి. ఊళ్లలో పాడైన సెప్టిక్ ట్యాంకులు బాగుచేయడానికి నగరమే డబ్బు పెడుతోంది. నీళ్లు తాగేవాళ్లు పైనున్న రైతుల ఖర్చు మోయడం అక్కడ మామూలు విషయం. రైతుబిడ్డ గారి నాన్నగారి మాట చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

రాతిపొర | ఆదివారం, ఉదయం 10:40

షారన్ పద్ధతి మంచిదే, కానీ ఒక హెచ్చరిక. నీళ్లు తిప్పి తిప్పి వాడితే నీళ్ల పరిమాణం తగ్గుతుంది, ఉప్పు తగ్గదు. ప్రతి చుట్టుకూ పేరుకుంటుంది. మన బోరు నీళ్లు ముందే గట్టి నీళ్లు. కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటికి తీయాల్సిందే. ఆ కొంత ఎక్కడికి పోతుందో డ్రాయింగ్‌లో చూపించాలి. అక్కడి 300 అడుగులు మన గ్రానైట్‌కు తెచ్చుకోవద్దు, నేను ముందు చెప్పిన కారణమే.

బ్లోయర్_శబ్దం | ఆదివారం, మధ్యాహ్నం 1:30

మేడం చెప్పిన క్షారత సంగతి చదివాక ఆ ఫుడ్ ప్లాజాలో పీహెచ్ ఎందుకు పడిపోయేదో నాకు ఇన్నేళ్లకు అర్థమైంది. మేం సున్నం పోసేవాళ్లం, రెండు రోజులు బాగుండేది, మళ్లీ పడేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. థాంక్స్ మేడం.

ఒక ఆలోచన. మూత్రాన్ని అసలు ట్యాంకులోకే రానివ్వకపోతే? మగవాళ్ల వైపు నీళ్లు లేని యూరినల్స్ పెట్టి, ఆ గొట్టం వేరే ట్యాంకుకు వేస్తే?

ల్యాబ్_టేబుల్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. 2000 మందిలో 1200 మంది యూరినల్ వాడతారనుకుందాం. మనిషికి 0.3 లీటర్లు వేసుకున్నా రోజుకు 360 లీటర్లు, ఆదివారం 1080. వారానికి 3240 లీటర్లు. ట్యాంకర్ అన్న బండికి ఒక్క లోడు కూడా నిండదు. అందులో మొత్తం నత్రజనిలో 60 శాతం వెళ్లిపోతుంది.

మిగిలిన 800 మందికి కమోడ్లు, రెండు మీటల ఫ్లష్, సగటున 5 లీటర్లు. వారానికి 36 వేల లీటర్లు, ఏడు లోడ్ల కంటే కొంచెం ఎక్కువ. రెండూ కలిపి తొమ్మిది లోడ్ల లోపే. 29 లోడ్లు ఎక్కడ, తొమ్మిది ఎక్కడ. చేతులు కడిగిన నీళ్లు మాత్రమే వేరుగా రెల్లు మడికి (రెల్లు మొక్కలు పెంచి నీళ్లు శుద్ధి చేసే మడి) పంపవచ్చు. అందులో నత్రజని చాలా తక్కువ.

యూరినల్ గొట్టాల విషయంలో జాగ్రత్త. మూత్రం నిలిచిన చోట తెల్లటి గట్టి పొర కడుతుంది. వెడల్పు పీవీసీ గొట్టం, మంచి వాలు, మలుపులు తక్కువ, శుభ్రం చేయడానికి మూతలు ఎక్కువ పెట్టండి. లోహం వాడొద్దు, తినేస్తుంది. యూరినల్ లోపలి వాసన అడ్డాన్ని చెప్పిన గడువుకు మార్చకపోతే కంపు కొట్టి, వారంలోపు ఎవరో ఒకరు నీళ్ల గొట్టం బిగిస్తారు. అప్పుడు ఈ లెక్కంతా పోతుంది.

ఆ మూత్రాన్ని ఎరువుగా వాడొచ్చా అని అడుగుతారు. ఆరు నెలలు మూసి నిల్వ ఉంచితే వాడొచ్చు. కానీ పరీవాహకం బయటి పొలాల్లోనే, మట్టి కిందికి వెళ్లేలా.

చేవెళ్ల_రైతుబిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

మనిషి మూత్రం పొలంల వేసుడు మాకు కొత్త కాదు, పశువులది ఎప్పటి నుంచో వేస్తున్నం. కానీ బయటి పొలాలకే అన్నది మంచి మాట.

రాతిపొర | ఆదివారం, సాయంత్రం 4:20

అందరం మరుగుదొడ్డి దగ్గరే ఉన్నాం. లారీలు నిలిచే కాంక్రీటు మీద పడే వాన సంగతేంటి? మొదటి వానకు నూనె, డీజిల్ చుక్కలు, టైరు పొడి, లారీ కడిగిన సబ్బు నీళ్లు అన్నీ వాగులోకే. సబ్బులో ఫాస్ఫరస్ ఉంటే చెరువులో నాచుకు అదే తిండి. ఒక రసాయనాల ట్యాంకర్ అక్కడే ఆగి కారిందనుకోండి, దాన్ని ఆపడానికి గేటు ఉందా? పార్కింగ్ ఉంటే నూనె వేరుచేసే గది, మూసుకునే గేటున్న నీటి గుంట తప్పనిసరి. నన్నడిగితే ఈ స్థలంలో లారీ పార్కింగే వద్దు.

హైవే_ప్రయాణం | ఆదివారం, సాయంత్రం 5:00

లారీ డ్రైవర్లకు నిద్ర, స్నానం తప్పనిసరి అవసరాలు. తీసేయకండి, జరపండి. మన్నెగూడ దాటాకో ఇంకెక్కడైనా, చెరువుల వైపు నీళ్లు పారని చోట.

డ్రాయింగ్‌బోర్డు | సోమవారం, రాత్రి 9:30

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈరోజు క్లయింట్‌తో రెండు గంటలు కూర్చున్నాను. 90 బస్తాల లెక్క కాగితం మీద రాసి ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల మేనేజర్ అడిగారు, మరి మాకు ఆదాయం ఫుడ్ కోర్టు నుంచే కదా అని. అది న్యాయమైన ప్రశ్నే.

ప్రస్తుతానికి ఒప్పుకున్నది ఇది. ఫుడ్ కోర్టు, పార్కింగ్, డార్మిటరీ కోసం పరీవాహకం బయట ఇంకో స్థలం చూస్తారు. అక్కడ పెద్ద సమీకరణ ట్యాంకుతో ఎస్టీపీ, కాంట్రాక్టులో నత్రజని హద్దు రాసి. ఈ స్థలంలో మరుగుదొడ్లు, టీ స్టాల్, కార్లకు కొద్ది చోటు మాత్రమే. నీళ్లు లేని యూరినల్స్, వేరే ట్యాంకు. కమోడ్ల నీళ్లకు రెండు పొరల లైనింగ్ ఉన్న ట్యాంకు, 75 శాతం నిండగానే మోగే అలారం, పూర్తిగా నిండితే తలుపులు మూసేసే నియమం. ట్యాంకర్ అన్న చెప్పినట్టు రసీదు చూశాకే డబ్బు, అడుగు వాలు కూడా గీశాను. ఇంకుడు గుంత ఎక్కడా లేదు.

ఇంకా తేలనివి రెండున్నాయి. టీ స్టాల్ గిన్నెలు కడిగిన నీళ్లు రెల్లు మడికి పంపాలా, ట్యాంకుకు పంపాలా? యూరినల్ అడ్డాలు మార్చే ఖర్చు ఐదో ఏడాదిలో ఎవరు పెట్టాలో కాంట్రాక్టులో ఎలా రాయాలి?

బ్లోయర్_శబ్దం | సోమవారం, రాత్రి 9:55

పాలు, టీ, చక్కెర నీళ్లు రెల్లు మడిని పులియబెడతాయి సార్. ట్యాంకుకే పంపండి. కాగితం కప్పులు పెడితే కడిగేదే తక్కువ.

పాత_జీఓలు | సోమవారం, రాత్రి 10:10

రెండోదానికి నేను చెప్తాను. నిర్వహణ సొమ్ము మొదటి రోజే వేరే ఖాతాలో జమ చేయించు. ఏటా ఇంత అని హామీ రాయించుకుంటే మూడో ఏడాదికి ఎవరూ గుర్తుపెట్టుకోరు. నా ఉద్యోగంలో అలాంటి హామీల ఫైళ్లు చాలా చూశాను. ఖాతాలో డబ్బుంటే అడ్డం మారుతుంది.

చేవెళ్ల_రైతుబిడ్డ | మంగళవారం, ఉదయం 6:20

సార్, ఒక పని చేయండి. కట్టకముందే మా బోరు నీళ్లు పరీక్ష చేయించి కాగితం పెట్టుకోండి. ఇప్పుడెంత ఉందో తెలిస్తేనే రేపు పెరిగిందో లేదో తెలుస్తది. మాది కాకుండా వాగు అవతల ఇంకో ముగ్గురివి ఉన్నయి, వాళ్లతోని మాట్లాడిన, సరేనన్నరు.

ల్యాబ్_టేబుల్ | మంగళవారం, ఉదయం 7:05

నమూనాలు నాకు పంపండి, పరీక్షలకు డబ్బు వద్దు. శుభ్రమైన లీటరు సీసాలు తీసుకోండి, బోరు పది నిమిషాలు వదిలాక పట్టండి, ఐసు పెట్టెలో అదే రోజు తీసుకురండి. ఇప్పుడు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి.

డ్రాయింగ్‌బోర్డు | మంగళవారం, ఉదయం 7:30

రైతుబిడ్డ గారూ, ఈ ఆదివారం పొద్దున్నే వస్తాను. సీసాలు, ఐసు పెట్టె నేనే తెస్తాను. ఊరి దగ్గరికి వచ్చాక ఇక్కడే మెసేజ్ పెడతాను, దారి చెప్పండి.